కోపం మనది, మూల్యం ఎవరిది?

ఒకసారి దైవప్రవక్త (స) సమక్షంలోనే ఇద్దరు మనుషులు ఒకరినొకరు దూషించుకున్నారు. వారిలో ఒకని ముఖం ఎర్రబడింది, మెడ నరాలు ఉబ్బాయి. తనకు ఒక మాట తెలుసనీ, అతను ఆ మాట పలికితే ఈ ఆవేశం అతన్ని వదిలిపోతుందనీ ఆయన (స) అన్నారు. షైతాను కీడు నుంచి అల్లాహ్ శరణు వేడుకోవడమే ఆ మాట. పక్కనున్నవారు వెళ్లి అతనికి ఈ సంగతి చెప్పారు. అతను సంతోషించాడా? లేదు. నాకేమైనా పిచ్చి పట్టిందనుకుంటున్నారా అని వారిపైనే విరుచుకుపడ్డాడు. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో నమోదైన సంఘటన ఇది.

పద్నాలుగు వందల ఏళ్ల క్రితపు ఆ మనిషి మనకు కొత్తవాడేమీ కాదు. అతన్ని మనం రోజూ చూస్తూనే ఉన్నాం. నిజం చెప్పాలంటే అప్పుడప్పుడూ అద్దంలో కూడా చూస్తున్నాం. కోపంలో ఉన్నవాడు తాను కోపంలో ఉన్నానని ఒప్పుకోడు. తాను న్యాయం కోసం నిలబడ్డానంటాడు, పౌరుషం అంటాడు, ఆత్మాభిమానం అంటాడు.

భార్యాభర్తల మధ్య, అన్నదమ్ముల మధ్య వచ్చే కోపం గురించి జుమా ఖుత్బాలలో తరచుగా వింటూనే ఉంటాం. ఈసారి మేము రెండు వేరే మైదానాల్లోని కోపం గురించి ఆలోచించదలిచాం. ఒకటి ఆట, రెండోది రాజకీయం. మన పిల్లలు కోపానికి చప్పట్లు పడటం చూసేది ఈ రెండు చోట్లే. పైగా ఈ రెండింటికీ ఒక పోలిక ఉంది. రెండు చోట్లా మనిషి తన కోసం కాక ఇతరుల తరఫున నిలబడతాడు. జట్టు దుస్తులు వేసుకున్నవాడు జట్టు మనిషి. ఓటు వేయించుకున్నవాడు ఓటు వేసినవారి మనిషి. అలాంటివాడు ఆవేశపడితే ఆ ఖర్చు ఎవరి జేబులోంచి పోతుంది?

2006 జూలై 9న బెర్లిన్‌లో జరిగిన ప్రపంచ కప్ ఫుట్‌బాల్ ఫైనల్ చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఫ్రాన్స్, ఇటలీ తలపడ్డాయి. ఫ్రాన్స్ కెప్టెన్ జినెదిన్ జిదాన్. అల్జీరియా నుంచి వలస వచ్చిన ముస్లిం కుటుంబపు బిడ్డ. 1998లో ఫ్రాన్స్‌కు కప్పు సాధించి పెట్టినవాడు. మన ఇళ్లలోనూ ఎందరో కుర్రాళ్లు అతని బొమ్మలు గోడలకు అంటించుకున్నారు. ఆ ఫైనలే తన చివరి ఆట అని అతను ముందే ప్రకటించాడు. 7వ నిమిషంలో అతను గోల్ కొట్టాడు. 19వ నిమిషంలో ఇటలీ ఆటగాడు మార్కో మాతెరాజీ స్కోరు సమం చేశాడు. ఆట అదనపు సమయంలోకి వెళ్లింది. 110వ నిమిషంలో ఇద్దరి మధ్య ఏవో మాటలు నడిచాయి. ముందుకు వెళ్లిపోతున్న జిదాన్ వెనక్కి తిరిగి వచ్చి మాతెరాజీ ఛాతీ మీద తలతో గుద్దాడు. రిఫరీ రెడ్ కార్డు చూపించాడు. కప్పు పక్కనుంచే నడుచుకుంటూ జిదాన్ లోపలికి వెళ్లిపోయాడు. పెనాల్టీ కిక్కులలో ఇటలీ 5-3తో గెలిచింది.

జిదాన్ ఉంటే ఫ్రాన్స్ తప్పక గెలిచేదని మేము అనటం లేదు. ఆ లెక్క అల్లాహ్‌కే తెలుసు. అయితే పెనాల్టీ కిక్కుల వేళ ఆ జట్టుకు తన కెప్టెన్ లేడన్నది మాత్రం వాస్తవం.

తన ఇంటి ఆడవాళ్లను ఉద్దేశించి మాతెరాజీ నీచంగా మాట్లాడాడని జిదాన్ తర్వాత చెప్పాడు. సోదరి ప్రస్తావన తెచ్చిన మాట నిజమేనని మాతెరాజీ కూడా ఒప్పుకున్నాడు. ఆట చూసిన పిల్లలను జిదాన్ క్షమాపణ కోరాడు గాని, చేసిన పనికి పశ్చాత్తాపపడలేనన్నాడు. మనలో చాలామంది గుండె ఇక్కడ అతని వైపే మొగ్గుతుంది. తల్లి మాట, చెల్లెలి మాట వస్తే ఊరుకునేవాడు మగాడేనా అంటాం.

ఇస్లాం ఏమంటుంది? ఇద్దరు తిట్టుకుంటే ఆ పాపభారం మొదలుపెట్టినవానిపైనే ఉంటుందని, అయితే బాధితుడు హద్దు మీరనంత వరకే అని దైవప్రవక్త (స) బోధించారు (ముస్లిం). ఈ హదీసులోని రెండో భాగాన్ని మనం చదవం. మాటకు మాట సమానం. మాటకు తలతో గుద్దు సమానం కాదు. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ తీర్పు కూడా చిత్రంగా దాదాపు ఈ దారిలోనే నడిచింది. కవ్వించిన మాతెరాజీకి 2 మ్యాచ్‌ల నిషేధం, 5,000 స్విస్ ఫ్రాంకుల జరిమానా. గుద్దిన జిదాన్‌కు 3 మ్యాచ్‌లు, 7,500 ఫ్రాంకులు. అప్పటికే ఆట నుంచి తప్పుకున్నాడు కనుక జిదాన్ ఆ నిషేధానికి బదులు మూడు రోజులు సమాజసేవ చేశాడు.

ఇంతకంటే లోతైన విషయం ఒకటుంది. అవమానం జిదాన్‌ది. దాన్ని క్షమించే హక్కు, హద్దు మీరకుండా జవాబిచ్చే హక్కు అతనివే. కాని ఆ అవమానానికి బదులు తీర్చుకోవడానికి అతను ఖర్చు పెట్టింది తన సొత్తు కాదు. పది మంది సహచరుల శ్రమను, ఒక దేశపు నమ్మకాన్ని ఖర్చు పెట్టాడు. ధర్మశాస్త్ర భాషలో దానికి అమానత్ అని పేరు. ఎవరో మన దగ్గర దాచుకున్న సొమ్ముతో మన సొంత పగ తీర్చుకోవచ్చునా?

అదే ఏడాది ఆగస్టు 20న లండన్‌లోని ఓవల్ మైదానంలో జరిగింది ఇంకా ఆలోచింపజేసే సంఘటన. ఇంగ్లండుతో టెస్టు ఆడుతున్న పాకిస్తాన్ జట్టు బంతిని చెడగొట్టిందని అంపైర్లు 5 పరుగుల జరిమానా విధించారు. మనసు గాయపడిన పాకిస్తాన్ జట్టు, కెప్టెన్ ఇంజమాముల్ హఖ్ నాయకత్వంలో టీ విరామం తర్వాత మైదానంలోకి రాలేదు. వాళ్లు మనసు మార్చుకుని వచ్చేసరికి అంపైర్లు ఆట ముగిసిందన్నారు. టెస్టు క్రికెట్ చరిత్రలో ఒక జట్టు ఆటను వదులుకున్నట్లు ప్రకటించి ఎదుటి జట్టును గెలిపించడం అదే మొదటిసారి. అప్పటికి పాకిస్తాన్ మొదటి ఇన్నింగ్స్‌లో 504 పరుగులు చేసింది. ఇంగ్లండ్ రెండో ఇన్నింగ్స్‌లో 4 వికెట్లు పోగొట్టుకుని ఇంకా 33 పరుగులు వెనకబడి ఉంది. అంటే గెలుపు పాకిస్తాన్‌కు అందేంత దూరంలో ఉంది.

తర్వాత సెప్టెంబరులో విచారణ జరిగింది. బంతిని చెడగొట్టారనడానికి సరైన ఆధారాలు లేవని తేలింది. ఆ ఆరోపణ నుంచి ఇంజమామ్ నిర్దోషిగా బయటపడ్డాడు. కాని ఆటకు చెడ్డపేరు తెచ్చినందుకు అతనిపై 4 వన్డేల నిషేధం పడింది. పోయిన ఆట రాలేదు. మధ్యలో 2008లో ఫలితాన్ని డ్రాగా మార్చారు గాని, 2009లో మళ్లీ ఇంగ్లండ్ గెలుపుగానే ఖరారు చేశారు.

గమనించండి. ఆరోపణ నిలబడలేదు. అయినా ఆట పోయింది. సత్యం మన పక్షాన ఉంటే చాలు, ఎలా ప్రవర్తించినా చెల్లుతుందని అనుకునేవారికి ఇదొక గట్టి పాఠం.

అదే ఆగస్టు నెలలో, ఓవల్ ఘటనకు రెండు వారాల ముందు, కొలంబోలో ఇంకొకటి జరిగింది. దక్షిణాఫ్రికా ఆటగాడు హాషిమ్ ఆమ్లా ఒక క్యాచ్ పట్టాడు. మైకు ఆగిపోయిందనుకున్న వ్యాఖ్యాత, ఆస్ట్రేలియా మాజీ ఆటగాడు డీన్ జోన్స్, ఆమ్లాను టెర్రరిస్టు అన్నాడు. గడ్డం చూసి అన్న మాట అది. ప్రపంచమంతా వింది. టీవీ సంస్థ జోన్స్‌ను ఉద్యోగం నుంచి తీసేసింది. జోన్స్ క్షమాపణ చెప్పుకున్నాడు, ఆమ్లా అంగీకరించాడు. అంతటితో వదిలేశాడు. 2012 జూలైలో, రమజాన్ నెలలో, అదే ఓవల్ మైదానంలో అతను 311 పరుగులు చేసి నాటౌట్‌గా మిగిలాడు. దక్షిణాఫ్రికా తరఫున టెస్టుల్లో త్రిశతకం చేసిన మొదటివాడు అతనే.

ఇక రాజకీయం. ఆటలో ఒక మేలు ఉంది. రిఫరీ పక్కనే ఉంటాడు. 2008 ఐపీఎల్‌లో హర్భజన్ సింగ్ తోటి ఆటగాడు శ్రీశాంత్‌ను చెంపదెబ్బ కొడితే మిగిలిన 11 మ్యాచ్‌లూ పోయాయి. లెక్క వెంటనే తేలిపోయింది. రాజకీయంలో రెడ్ కార్డు చూపేవాడు అంత దగ్గర్లో ఉండడు. పైగా మైకు విరగ్గొట్టినవానికి ఊళ్లో పూలదండ ఎదురవుతుంది. అధికారిని కాలర్ పట్టుకున్నవాని ఫ్లెక్సీ చౌరస్తాలో వెలుస్తుంది. మన వైపు నాయకుడు ఎదుటివాళ్లను ఎంత ఘాటుగా తిడితే అంత మొనగాడని మనమే ఈలలు వేస్తాం. కనుక కోపానికి మూల్యం లేదని యువకులు నమ్ముతున్నారు. మూల్యం ఉంది. కాకపోతే అది ఆలస్యంగా వస్తుంది, వేరే ఇంటికి వస్తుంది.

2014 ఫిబ్రవరి 13న లోక్‌సభలో ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు ప్రవేశపెట్టినప్పుడు జరిగింది తెలుగువారెవరూ మరచిపోలేదు. రాష్ట్ర విభజన మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడ మన చర్చ కాదు. మన పాఠకులు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. సభలో పెప్పర్ స్ప్రే చల్లారు, కొందరు సభ్యులను ఆసుపత్రికి తీసుకెళ్లారు. మన రాష్ట్రానికి చెందిన పలువురు సభ్యులు సస్పెండయ్యారు. ఐదు రోజుల తర్వాత, 18వ తేదీన, అదే సభ అదే బిల్లును ఆమోదించింది. 20న రాజ్యసభ కూడా ఆమోదించింది. బిల్లు వద్దని చెప్పమని ప్రజలు ఢిల్లీకి పంపిన మనుషుల్లో కొందరు, ఆ మాట చెప్పవలసిన రోజున సభలోనే లేరు. కోపం సభ్యులది. గొంతు పోయింది మాత్రం ఓటర్లది.

మరో ఉదాహరణ చూడండి. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ నుంచి ఎన్నోసార్లు గెలిచిన ఆజం ఖాన్ పై 2019 ఎన్నికల ప్రచారంలో చేసిన ప్రసంగానికి కేసు పెట్టారు. 2022 అక్టోబరు 27న కింది కోర్టు మూడేళ్ల శిక్ష వేసింది. మర్నాడే శాసనసభ్యత్వం పోయింది. డిసెంబరులో ఉప ఎన్నిక జరిగి ఆ స్థానం ప్రత్యర్థి పార్టీకి వెళ్లింది. 2023 మే 24న పై కోర్టు ఆయన్ని ఆ కేసులో నిర్దోషిగా విడుదల చేసింది. అప్పటికి ఆ స్థానంలో వేరొకరు కూర్చుని ఉన్నారు. ఆ శిక్ష సరైనది కాదని పై కోర్టే చెప్పింది కనుక ఆయన నేరం చేశారని మేము అనటం లేదు. ఆ కేసు ఎందుకు పెట్టారన్న అనుమానాలు కూడా చాలామందికి ఉన్నాయి. అయినా వేదిక మీద ఒక్క వేడి వాక్యం ఎంత దూరం పోతుందో రాంపూర్ ఓటర్లను అడిగితే చెబుతారు. ఓవల్ మైదానం కథే ఇక్కడ ఇంకో రూపంలో కనిపిస్తుంది.

అన్యాయం జరుగుతుంటే కూడా కోపం రాకూడదా అని యువకులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దైవప్రవక్త (స) తన సొంత విషయంలో ఎన్నడూ ఎవరిమీదా ప్రతీకారం తీర్చుకోలేదని, అల్లాహ్ హద్దులు ఉల్లంఘించబడినప్పుడు మాత్రం ఊరుకునేవారు కాదని హజ్రత్ ఆయిషా (రజి) తెలియజేశారు. అంటే కోపం ఉంది, అది ఎవరి కోసం అన్నది ప్రశ్న. చిక్కు ఎక్కడంటే, మన కోపాల్లో చాలావాటికి దీన్ పేరు పెట్టుకుని లోపల మన అహాన్ని దాచుకుంటాం.

హిజ్రీ 6వ సంవత్సరంలో హుదైబియాలో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకుందాం. ఉమ్రా కోసం వచ్చిన దాదాపు 1,400 మంది ముస్లింలను ఖురైషీయులు మక్కా బయటే ఆపేశారు. హజ్రత్ ఉస్మాన్ (రజి)ను చంపేశారన్న వదంతి వచ్చినప్పుడు ఆ 1,400 మంది చెట్టుకింద ప్రాణాలొడ్డి ప్రతిజ్ఞ చేశారు. కాబట్టి అది పిరికివాళ్ల శిబిరం కాదు. తర్వాత ఒప్పందం రాసేటప్పుడు ఖురైషుల దూత సుహైల్ బిన్ అమ్ర్ ప్రతి మాటకూ అడ్డుతగిలాడు. 'దైవప్రవక్త' అన్న పదాన్ని చెరిపేయమన్నాడు. ఆ పదాన్ని చెరపడానికి హజ్రత్ అలీ (రజి)కి చేతులు రాలేదు. దైవప్రవక్త (స) స్వయంగా చెరిపేశారు. సంకెళ్లతో ఈడ్చుకుంటూ వచ్చిన అబూ జందల్ (రజి)ను ఒప్పందం ప్రకారం తిరిగి అప్పగించవలసి వచ్చింది. అతను ఆ సుహైల్ కొడుకే. ఆ దృశ్యం చూసిన ముస్లింల గుండెలు ఎలా మండి ఉంటాయి! మనం సత్యం మీద లేమా, మరి ఈ అవమానం ఎందుకు అని హజ్రత్ ఉమర్ (రజి) నేరుగా అడిగేశారు. ఆ రోజు అలా మాట్లాడినందుకు పరిహారంగా తర్వాతి కాలంలో ఎన్నో సత్కార్యాలు చేశానని ఆయనే చెప్పుకున్నారు.

ఫత్‌హ్ సూరా 26వ ఆయతు ఆ సందర్భానిదే. తిరస్కారుల గుండెల్లో అజ్ఞానకాలపు దురభిమానం పొంగిందని, అల్లాహ్ తన ప్రవక్త మీద, విశ్వాసుల మీద ప్రశాంతతను దింపాడని అందులో ఉంది. ఆవేశం ఏ పక్షానిదో, ప్రశాంతత ఏ పక్షానిదో చూడండి. నేడు మన రాజకీయ సభల్లో ఆ రెండింటిలో ఏది ఎక్కువగా కనబడుతోంది? అవమానంగా కనిపించిన ఆ ఒప్పందాన్ని అల్లాహ్ స్పష్టమైన విజయం అన్నాడు. రెండేళ్లు తిరగకముందే దైవప్రవక్త (స) పదివేల మందితో మక్కాలో ప్రవేశించారు. సుహైల్ కూడా ఇస్లాం స్వీకరించాడు. ఆ రోజు అతని మెడ మీద కత్తి పడి ఉంటే?

ఆట కోపం రాజకీయ కోపంగా మారటం కూడా మనకు తెలిసిన చరిత్రే. ఒక ప్రయాణంలో ముహాజిర్లలోని ఒక సరదా మనిషి ఒక అన్సారీని వెనకనుంచి తన్నాడు. పరాచికం. అన్సారీకి కోపం వచ్చి అన్సారులారా అని కేకేశాడు. ఇతను ముహాజిర్లారా అని కేకేశాడు. రెండు గుంపులు లేచాయి. ఇది అజ్ఞానకాలపు పిలుపు, దీన్ని వదిలేయండి, ఇది కుళ్లు కంపు కొడుతోంది అన్న భావంతో దైవప్రవక్త (స) వారించారు. కాని అప్పటికే కపటుల నాయకుడు అబ్దుల్లా బిన్ ఉబై దీన్ని అందిపుచ్చుకున్నాడు. మదీనా చేరాక గౌరవనీయులు నీచులను వెళ్లగొడతారని అన్నాడు. మునాఫిఖూన్ సూరా 8వ ఆయతులో ఆ మాట ప్రస్తావన ఉంది. ఒక తన్ను, ఒక కేక, ఆపైన ఒక రాజకీయ నాయకుడు. అంతే కావలసింది. ఆ తర్వాత ఆయన (స) మామూలుగా ప్రయాణించని వేళలో బయలుదేరదీసి, పగలూ రాత్రీ నడిపించారని చరిత్రకారులు రాశారు. దిగగానే జనం అలసిపోయి నిద్రపోయారు. మాట పెరగడానికి వ్యవధి దొరకలేదు.

మన వీధుల్లో అలా నడిపించేవాడు లేడు. క్రికెట్ మ్యాచ్ అయిపోగానే చౌరస్తాలో కేకలు, ఎన్నికల ఊరేగింపులో ఒక నినాదం, దానికి ఎదురు నినాదం, ఒక రాయి. కేకను అందిపుచ్చుకున్న నాయకుడు సాయంత్రానికి తన ఇంట్లో ఉంటాడు. మన పిల్లలు స్టేషన్‌లో ఉంటారు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 190వ సెక్షన్, అంతకు ముందున్న శిక్షాస్మృతి 149వ సెక్షన్, చెప్పేది ఒకటే. చట్టవిరుద్ధంగా గుమిగూడిన గుంపు తన ఉమ్మడి ఉద్దేశం కోసం చేసిన నేరానికి ఆ గుంపులో ఉన్న ప్రతివాడూ బాధ్యుడే. నేను రాయి వేయలేదు, ఊరికే నిలబడ్డానంతే అన్నది అన్నిసార్లూ అక్కరకు రాదు. కేసు కోర్టులో నడుస్తుంటే 1967 పాస్‌పోర్టు చట్టం 6వ సెక్షన్ ప్రకారం పాస్‌పోర్టు నిరాకరించవచ్చు. కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. నిజామాబాద్‌లో, కరీంనగర్‌లో, కడపలో ఎన్ని ఇళ్లు గల్ఫ్ నుంచి వచ్చే నెలసరి డబ్బు మీద నడుస్తున్నాయో మనకు తెలుసు. వీసా వచ్చి పాస్‌పోర్టు ఆగిపోయిన కుర్రవాని తల్లి, వకీలు ఫీజుకోసం గాజులు కుదువపెట్టే తల్లి, ఆ చౌరస్తాలో ఏ కేకా వేయలేదు.

హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్న కాలంలో ఉయైనా బిన్ హిస్న్ అనే పెద్దమనిషి ఆయన ముఖం మీదనే, నువ్వు మాకు సరిగా ఇవ్వటం లేదు, న్యాయంగా పాలించటం లేదు అన్నాడు. ఉమర్ (రజి)కి కొట్టాలనేంత కోపం వచ్చింది. అప్పుడు ఉయైనా అన్న కొడుకు హుర్ర్ బిన్ ఖైస్, మన్నింపు వైఖరి అవలంబించమని, అజ్ఞానులతో వాదులాటకు దిగవద్దని చెప్పే ఆరాఫ్ సూరా 199వ ఆయతు చదివాడు. ఉమర్ (రజి) అక్కడే ఆగిపోయారు. ఈ హదీసు బుఖారీలో ఉంది. ఆ సభలో ఆయతు చదివే ధైర్యం ఉన్న యువకుడు ఒకడు ఉన్నాడు. మన నాయకుల చుట్టూ ఎలాంటివారు ఉంటారు? ఇంకా కొట్టన్నా అనేవారే ఎక్కువ.

ఓటమి గురించి కూడా ఒక్క మాట. ఆట కోపాల్లో సగం ఓటమి కోపాలే. దైవప్రవక్త (స) ఒంటె అజ్బా పందెంలో ఎప్పుడూ ఓడేది కాదు. ఒకసారి ఒక పల్లెటూరి అరబ్బు కుర్ర ఒంటె దాన్ని దాటేసింది. సహాబాలు బాధపడ్డారు. లోకంలో పైకి లేచిన ప్రతి వస్తువునూ అల్లాహ్ కిందికి దించుతాడు, అది ఆయన నియమం అని ఆయన (స) తేలికగా తీసుకున్నారు (బుఖారీ). హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం పెట్టుకుంటే ఒకసారి ఆమె గెలిచారు. కొన్నాళ్ల తర్వాత ఆయన (స) గెలిచి, అప్పటి దానికి ఇది చెల్లు అని నవ్వారు (అబూ దావూద్). ఓడినవాడు అంపైర్‌ను తిట్టే ఇంట్లో పెరిగిన పిల్లవానికి ఈ నవ్వు ఎవరు నేర్పుతారు?

ఇటీవల అసర్ నమాజు తర్వాత మసీదు వరండాలో కుర్రాళ్లతో ఈ సంగతులే మాట్లాడుతుండగా, కోపం వస్తే నిలబడి ఉన్నవాడు కూర్చోవాలి, అప్పటికీ తగ్గకపోతే పడుకోవాలి అన్న హదీసు (అబూ దావూద్) ప్రస్తావనకు వచ్చింది. హజ్రత్ అబూ జర్ (రజి) తన పశువులకు నీళ్లు పెట్టే తొట్టిని ఎవరో పగలగొడితే, నిలబడి ఉన్నవారు కాస్తా కూర్చుని, తర్వాత పడుకున్నారని కూడా చెప్పాం. ఒక కుర్రవాడు చేయి ఎత్తాడు.

"జనాబ్, మ్యాచ్ చూసేవాడు ఎలాగూ కూర్చునే ఉంటాడు కదా. మా అబ్బా అయితే పడుకునే చూస్తారు. అప్పటికీ అరుస్తారు. మరేం చేయాలి?"

అందరూ నవ్వారు. టీవీ కట్టేసి లేచి వుజూ చేసుకోమని మీ అబ్బాకు మా సలాం చెప్పు అన్నాం. వాడు కాసేపు ఆలోచించి, ఆఖరి ఓవర్ అయ్యాక చెబుతానన్నాడు.